సంక్రాంతి దాటాక గింజ పెట్టాలా, నారు తెచ్చుకోవాలా? కూరగాయలకీ పూలకీ వేరువేరుగా

సంక్రాంతి అయ్యాక ఉగాది వచ్చేలోపు మనకి దొరికేది రెండు, రెండున్నర నెలలే. ఎండాకాలం కూరగాయలన్నీ ఆ టైంలోనే వెయ్యాలి, ఉగాదికీ శ్రీరామనవమికీ పూలు కూడా చేతికి రావాలి, అందుకే ఈ సీజన్లో అందరూ అడిగేది ఒకటే: గింజ నేరుగా మట్టిలో పెట్టేద్దామా, మనమే నారు పోసుకుందామా, లేకపోతే నర్సరీలో ట్రేల్లో పెంచిన నారు తెచ్చుకుందామా అని. ఏదైనా ఒకటేలెండి అనేవాళ్ళ మాట వినకండి. ఇది పంటని బట్టి మారుతుంది, అంతకంటే ఎక్కువగా మీరు ఈరోజు క్యాలెండర్‌లో ఎక్కడ ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది అంటారు కదా, అది వెళ్ళిన నెల నెలన్నరకే తెలంగాణలో, రాయలసీమలో మధ్యాహ్నం ఎండ 38 దాకా వెళ్ళిపోతుంది. కోస్తాలో అంత వేడి కాస్త ఆలస్యంగా వచ్చినా ఉక్క ముందే మొదలవుతుంది. కాబట్టి నేను ఏ మొక్కకైనా ముందు చూసేది ఇదే, ఆ ఎండ ముదిరే రోజుకి ఈ మొక్క ఏ దశలో ఉంటుంది? అప్పటికే కాపులో ఉంటే పర్లేదు, అప్పుడే పూత మొదలెడుతుంటే మాత్రం కొన్ని పంటలు పూర్తిగా చేతులెత్తేస్తాయి. ఈ లెక్కతో చూస్తే నారు కొనడానికి పెట్టే డబ్బు అసలు మొక్క కోసం కాదు, ఆ మొక్క నర్సరీలో గడిపేసిన ముప్పై రోజుల కోసం. ఆ ముప్పై రోజులు మీకు అవసరమా లేదా అన్నదే చూసుకోవాలి.

టమాటా, వంగ, మిరప

టమాటా సంగతి ముందు చెప్తా, ఎందుకంటే జనం ఎక్కువ నిరాశపడేది దీంతోనే. టమాటా నారు 25 నుంచి 30 రోజులకి నాటుకి వస్తుంది, నాటాక మొదటి కోతకి ఇంకో 60, 70 రోజులు. పగలు 35 దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది, కాయ పట్టదు, మీరు ఎన్ని నీళ్ళు పోసినా ఎంత ఎరువేసినా అంతే. ఇప్పుడు లెక్క చూడండి. జనవరి రెండో వారంలో నాటితే మార్చి మధ్య నుంచి కాయలు కోస్తారు, ఏప్రిల్ దాకా లాగొచ్చు. అదే సంక్రాంతి సెలవుల్లో గింజలు కొని అప్పుడు నారు పోస్తే ఫిబ్రవరి మధ్యలో నాటతారు, పూత మంచి ఊపు మీదుండేది సరిగ్గా మార్చి చివర ఏప్రిల్‌లో, అంటే మొత్తం ఎండకే అప్పజెప్పినట్టు. అందుకే సంక్రాంతి తర్వాత మొదలెట్టేవాళ్ళకి టమాటాకి నా సలహా ఒకటే, ట్రే నారు కొనండి, అది కూడా జనవరిలోనే. ఫిబ్రవరి సగం దాటిపోతే అసలు టమాటా వద్దు, ఆ చోటులో బెండ వేసుకోండి హాయిగా.

మదనపల్లె వాళ్ళు ఎండాకాలంలోనూ టమాటా పండిస్తున్నారు కదా అని మీకు డౌట్ రావచ్చు. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్ళు అక్కడ చల్లబడతాయి, హైదరాబాద్ డాబా మీదో గుంటూరు పొలంలోనో అదే లెక్క పని చెయ్యదు.

వంగ ఇంత సున్నితం కాదు. నారు 30, 35 రోజులు పడుతుంది, ఎండని బాగానే తట్టుకుంటుంది, కాబట్టి టైం ఉంటే మీరే నారు పోసుకోవచ్చు, తొందరుంటే కొనుక్కోవచ్చు, పెద్ద తేడా రాదు. కొమ్మ, కాయ తొలిచే పురుగు ఒక్కటి చూసుకుంటూ వడిలిన కొసల్ని ఎప్పటికప్పుడు తుంచేస్తే చాలు. మిరపకి మాత్రం నారే ఆరు వారాలు పడుతుంది, మొలకా మెల్లగా వస్తుంది, ఇంట్లోకి నాలుగైదు మొక్కలు కావాలనుకునేవాళ్ళు ఇంకో ఆలోచన లేకుండా నారు కొనేయండి. ఎండలు ముదిరాక మధ్యాహ్నం కాస్త నీడ దొరికేలా చూసుకుంటే కుండీలో మిరప ఎండాకాలం గట్టెక్కి వానలకి మళ్ళీ చిగురేస్తుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు జనవరిలోనూ నర్సరీల్లో కనిపిస్తుంది, ధర కూడా తక్కువే చెప్తారు. కొనకండి. అవి చలి పంటలు, మీ చేతికొచ్చేసరికి వాటి సీజన్ అయిపోయింది.

గింజ నేరుగా పెట్టాల్సినవి

బెండ, గోరుచిక్కుడు, అలసంద, ముల్లంగి, గోంగూర, తోటకూర, పాలకూర, వీటికి నారు అమ్మినా కొనొద్దు. బెండకి తల్లివేరు లోతుగా దిగుతుంది, ట్రేలో పెంచితే ఆ వేరు అడుగున తగిలి వంకర తిరుగుతుంది, నాటాక కొన్ని రోజులు బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది, ఆలోపు పక్కన నేరుగా పెట్టిన గింజ దాన్ని దాటేస్తుంది. రాత్రంతా నానబెట్టి పొద్దున పెట్టండి. చలి ఇంకా గట్టిగా ఉంటే బెండ మొలక మందగిస్తుంది, కాబట్టి తెలంగాణలో రథసప్తమి అటూ ఇటూ పెట్టుకుంటే తొందరగా అందుకుంటుంది. 40, 45 రోజుల్లో మొదటి కాయలు.

బెండలో ఇంకో తేడా ఉంది, వానాకాలం లాగా ఎడంగా పెట్టక్కర్లేదు. ఎండాకాలంలో మొక్క గుబురుగా పెరగదు, అందుకే ఎకరాకి వానాకాలంలో 4 నుంచి 6 కిలోల గింజ వాడితే ఎండాకాలానికి 7, 8 కిలోలు వాడతారు, సూటి రకాలైతే, అంటే హైబ్రిడ్ కానివి. డాబా మీద గ్రో బ్యాగుల్లోనూ అదే లెక్క, మొక్కకీ మొక్కకీ జానెడు దూరం సరిపోతుంది. రకం ఎంచుకునేటప్పుడు మాత్రం పల్లాకు తెగులుని తట్టుకునేది కావాలని అడిగి మరీ తీసుకోండి, ఎండల్లో తెల్లదోమ ఎక్కువ, ఈ తెగులుని మోసుకొచ్చేది అదే. అర్కా అనామిక, పర్భని క్రాంతి ఒకప్పుడు దీనికి బాగా తట్టుకునేవి, ఇప్పుడు చాలాచోట్ల వాటికీ వస్తోంది, అందుకని ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపించగానే పీకేసి దూరంగా పడెయ్యాలి, జాలిపడి వదిలేస్తే మడంతా పాకుతుంది.

ఆకుకూరల్లో తోటకూర, గోంగూర ఎండకి ఏమాత్రం జంకవు. కొత్తిమీర మాత్రం మార్చి వచ్చిందంటే నాలుగాకులు వెయ్యగానే పూతకెళ్ళిపోతుంది, షేడ్ నెట్ కింద అయితేనే పెట్టండి, ధనియాలు రెండు బద్దలుగా నలిపి.

తీగలు: రెండిటికీ మధ్యలో

బీర, సొర, కాకర, దోస, కీర, పొట్ల. వీటికి ఖచ్చితంగా ఇదే అని చెప్పడం కష్టం, ఎందుకంటే నేరుగా పెట్టినా వస్తాయి, చిన్న కవర్లలో పెంచి నాటినా వస్తాయి. తేడా ఎక్కడంటే వేరు కదిలితే వీటికి అస్సలు పడదు. నారుమడిలో పోసి పీకి నాటడం కుదరదు, కవర్లోనో ట్రేలోనో పెట్టి రెండు మూడు ఆకులు రాగానే, అంటే రెండు వారాల్లోపే, మట్టి గడ్డ చెదరకుండా కవరు కోసి దింపేయాలి. నర్సరీలో తీగ సాగి కొస చుట్టుకుంటున్న సొర మొక్క చూస్తే ముచ్చటేస్తుంది కానీ అది ముదిరిపోయింది, వదిలేయండి. నా ఓటు అయితే నేరుగా గింజ పెట్టడానికే, పాదుకి మూడు పెట్టి బలంగా ఉన్నది ఉంచుకుని మిగతావి తీసేయడం. కాకర ఒక్కదానికి మాత్రం కవర్లే మేలు, దాని పెంకు గట్టిది, చలిలో నేలలో పెడితే ఎన్ని మొలుస్తాయో చెప్పలేం, ఒక రోజు నానబెట్టి కవర్లలో మొలిపించుకుంటే పోయిన గింజల చోటు ఖాళీగా ఉండిపోదు.

వీటిని ఆలస్యం చెయ్యకూడదనడానికి ఇంకో కారణం ఉంది. పగటి వేడి, పగటి పొడుగు పెరిగేకొద్దీ తీగల్లో మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గిపోతాయి. మార్చి చివర్లో పెట్టిన బీరకి పందిరి నిండా పూలే, కాయ ఉండదు. జనవరిలో పెట్టినవాటికి ఈ బాధ తక్కువ. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీళ్ళకి 3 గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయి, ఇది వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నదే. ఇంకోటి, ఆకుల మీద బూడిద తెగులు కనిపించిందని గంధకం కొట్టకండి, తీగజాతికి గంధకం పడదు, ఆకులు మాడిపోతాయి.

డాబా మీద పెంచేవాళ్ళు పిందె కట్టట్లేదు, పసుపెక్కి రాలిపోతోంది అంటుంటారు, చాలాసార్లు అది ఎరువు లోపం కాదు, పువ్వు ఏ టైంకి విచ్చుకుంటుందో చూసుకోకపోవడం. సొర, బీర సాయంత్రం పూట విచ్చుకుంటాయి, గుమ్మడి, కాకర తెల్లారుజామున. సొరపువ్వుకి పొద్దున తొమ్మిదింటికి చేత్తో పుప్పొడి రాద్దామని వెళ్తే అప్పటికే వాడిపోయి ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెళ్ళి ఒక మగపువ్వు తెంపి, రేకలు వెనక్కి ఒలిచి, ఆ మధ్యలో కాడని ఆడపువ్వు మొహానికి మెల్లగా అద్దండి. ఆడపువ్వు గుర్తుపట్టడం తేలికే, పువ్వు వెనకాల బుజ్జి సొరకాయ ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఆ పిందె కిందకి వంగి లావెక్కితే పట్టినట్టే.

సొంతంగా నారు ఎవరు పోసుకోవాలి

ఎకరమో అరెకరమో వేసేవాళ్ళకి ఇక్కడే అసలు డబ్బు లెక్క. టమాటా సూటి రకం గింజ ఎకరాకి 200 గ్రాములు కావాలి, హైబ్రిడ్ అయితే 60 నుంచి 80 గ్రాములు చాలు, కానీ హైబ్రిడ్ గింజ ఖరీదు కాబట్టి దాన్ని నారుమడిలో చల్లి సగం కుళ్ళబెట్టుకోవడం కంటే ట్రేల్లో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేసి గుంటకో గింజ పెట్టడమే నయం. సూటి రకాలకి మామూలు నారుమడి చాలు, మీటరు వెడల్పు, జానెడు ఎత్తు, పైన సన్న కన్నాలుండే 40 మెష్ నైలాన్ వల. ఆ వల ఖర్చు దండగ అనుకోవద్దండి, నారు దశలో తెల్లదోమ ఒక్కసారి వైరస్ ఎక్కించిందంటే ఆ మొక్కని తర్వాత ఏ మందూ కాపాడలేదు. నారుకుళ్ళు కనిపిస్తే లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పొయ్యండి. నాటే ముందు నాలుగైదు రోజులు నీళ్ళు తగ్గిస్తే నారు గట్టిపడుతుంది.

ఇంట్లోకి పది మొక్కలు కావాల్సినవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం పచ్చగా ఉందా లేదా అని పైన చూసి ఊరుకోకండి. ట్రేలోంచి ఒక మొక్కని మెల్లగా పైకి లాగి చూడమనండి, వేళ్ళు తెల్లగా ఉండి గడ్డ విడిపోకుండా వస్తే మంచిది, గోధుమ రంగుకి తిరిగి చుట్టలు చుట్టుకుంటే అది ఎప్పుడో నాటాల్సింది. ఆకు తిప్పి అడుగున చూడండి, తెల్లదోమ లేస్తే ఆ నర్సరీయే వద్దు. ట్రేలోనే పూత వచ్చిన టమాటాని చాలామంది మురిసిపోయి కొంటారు, ఆ పూత వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, మొక్క ఎదగడం మానేసి ఉంటుంది. ఇంటికి తెచ్చాక సాయంత్రం నాటండి, ముందు గుంట తడిపి తర్వాత మొక్క పెట్టండి, టమాటాని మొదటి ఆకుల దాకా మట్టిలోకి దించినా పర్లేదు, ఆ కాండానికీ వేళ్ళొస్తాయి. మూడు నాలుగు రోజులు పడమటి వైపు వేప కొమ్మ గుచ్చి నీడ పట్టండి.

పూలు: పండగ నుంచి వెనక్కి

కూరగాయలకి ఎండ నుంచి వెనక్కి లెక్కపెట్టాం, పూలకి పండగ రోజు నుంచి. బంతినే తీసుకోండి. నారు 25 నుంచి 30 రోజులు, నాటాక పూతకి 50 నుంచి 60 రోజులు, మొత్తం 85 అనుకుందాం. 2026 ఉగాది మార్చి 19, అంటే గింజ డిసెంబర్ 24కే పడాలి. 2027 ఉగాది ఏప్రిల్ 7, అప్పుడైతే జనవరి 12 దాకా టైం ఉంది. పోయినేడు ఫలానా రోజు వేశాం, ఈసారీ అప్పుడే వేద్దాం అంటే కుదరకపోవడానికి కారణం ఇదే, పండగ ఏటా జరుగుతుంటుంది. సంక్రాంతి తర్వాత మేలుకున్నవాళ్ళు నారు కొంటే ఒక నెల కలిసొస్తుంది, బంతికి నారు కొనడం అందుకే తప్పు కాదు. తీరా కొన్నాక తల తుంచడానికి మనసొప్పదు చాలామందికి, కానీ నాటిన నెలకి మొదటి మొగ్గతో సహా కొస తుంచితేనే పక్క కొమ్మలొచ్చి బుట్టెడు పూలొస్తాయి. పండగకి మరీ దగ్గరైతే తుంచకండి, పూత ఆలస్యమవుతుంది. ఎండ 35 దాటాక బంతి పువ్వు సైజు తగ్గుతుంది, అది మీ తప్పు కాదు.

చామంతి ఈ సీజన్‌కి వద్దు. అది పగలు తగ్గేటప్పుడు మొగ్గ కట్టే మొక్క, జూన్ జూలైలో నాటితే చలికాలంలో పూస్తుంది. జనవరిలో కుండీలో పూలతో ఉన్న చామంతి కొన్నారంటే అది ఆ పూల వరకే. గ్లాడియోలస్ దుంపలు కూడా అంతే, మన మైదానాల్లో వాటికి సెప్టెంబర్ నుంచి నవంబర్ మంచి టైం.

కాడతో కోసి ఇంట్లో వాజ్‌లో పెట్టుకోవడానికైతే నా మొదటి ఎంపిక జిన్నియా. గింజ నేరుగా పెట్టెయ్యొచ్చు, నారు కొనే పని లేదు, రెండు నెలల్లో పూస్తుంది, కోసేకొద్దీ మళ్ళీ కొమ్మలేస్తుంది, ఎండంటే భయం లేదు. ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్ళు పొయ్యండి, లేకపోతే బూడిద తెగులు. ఎప్పుడు కొయ్యాలో తెలియాలంటే పువ్వుకి జానెడు కింద కాడ పట్టుకుని కాస్త ఊపండి, మెడ అటూ ఇటూ వాలిపోతే ఇంకా రెండు రోజులు ఆగాలి, కాడ నిటారుగా నిలబడితే కొయ్యొచ్చు. ఈ పరీక్ష చెయ్యకుండా కోస్తే సాయంత్రానికే వాజ్‌లో తల వేలాడేస్తుంది.

పొద్దుతిరుగుడు కూడా నేరుగా గింజే, 50, 60 రోజులు, కానీ ఒంటి కాడ రకమైతే మొక్కకి ఒక్క పువ్వే, అందుకని ఒకేసారి వెయ్యకుండా పది పదిహేను రోజులకోసారి కొన్ని గింజలు పెట్టుకోండి. దగ్గర దగ్గరగా పెడితే పువ్వు చిన్నదవుతుంది, వాజ్‌కి అదే బావుంటుంది. రేకలు అప్పుడే పైకి లేస్తున్నప్పుడు కోసెయ్యాలి. సీతజడ పూలు, బొగడబంతి రెండూ ఎండకి మొండివి, కోసి ఎండబెట్టుకున్నా రంగు పోదు, బతుకమ్మకే కాకుండా ఎండాకాలంలోనూ వేసుకోవచ్చు.

ఇక ఓపిక ఉండి, కాస్త నేల ఉన్నవాళ్ళకి లిల్లీ, అదే నేల సంపంగి. దీనికి గింజా లేదు నారూ లేదు, దుంపలే. ఫిబ్రవరి మార్చిలో రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉన్న దుంపలు పెడితే మూడు నెలలకి కాడలు మొదలవుతాయి, ఒకసారి పెట్టాక రెండు మూడేళ్ళు అదే చోట పూస్తుంది. ఉగాదికి అందదు మరి, అది ముందే తెలుసుకుని పెట్టండి. దండలకైతే ఒంటి రేకల రకాలు, వాజ్‌కైతే ముద్ద రకాలు సువాసిని, వైభవ్ లాంటివి. ప్రజ్వల్ ఒంటి రేకదే అయినా రెండిటికీ పనికొస్తుంది, ఒక్కటే తీసుకోవాలంటే అది తీసుకోండి. కాడలో కింది నుంచి ఒకటి రెండు జతలు విచ్చుకున్నాక కోస్తే మిగతావి ఇంట్లో ఒక్కోటీ విచ్చుకుంటాయి, రాత్రిపూట గది గదంతా ఆ వాసనే.

అమెరికాలో ఉన్నవాళ్ళకి

మీ లెక్క తలకిందులు, మీరు చివరి మంచు నుంచి ముందుకి లెక్కపెట్టాలి. న్యూజెర్సీలో మే మధ్య దాకా సొర, బీర బయట పెట్టడం రిస్కే, అందుకని అక్కడ ఇంట్లో కుండీల్లో మూడు నాలుగు వారాల ముందు మొలిపించుకోవడం తప్పనిసరి, గోంగూర కూడా నేల బాగా వెచ్చబడ్డాకే. డల్లాస్ వాళ్ళ కథ మాత్రం మన తెలంగాణకి చాలా దగ్గర. మార్చి మధ్యకి మంచు పోతుంది, జూన్ చివరికల్లా ఎండ టమాటా కాపుని ఆపేస్తుంది, కాబట్టి వాళ్ళూ టమాటా నారే నాటుకోవాలి, బెండ, గోంగూర, జిన్నియా గింజ వేసుకోవాలి.

చోటు తక్కువై ఏది వదులుకోవాలో తేలనివాళ్ళకి: నాలుగే కుండీలుంటే జనవరిలో రెండు టమాటా నారు, ఒక మిరప నారు, ఒకదాంట్లో జిన్నియా గింజలు. ఫిబ్రవరి సగం దాటాక మొదలెడితే టమాటా బదులు బెండ, తోటకూర. చిన్న పందిరికి చోటుంటే అన్నిటికంటే ముందు బీర పెట్టండి, పందిరి కింద నీడలో పాలకూర చల్లుకోవచ్చు. ఆదివారం నర్సరీకి వెళ్ళేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి, తెచ్చిన నారు మర్నాటి ఎండ దాకా ఆగకుండా అదే సాయంత్రం మట్టిలో పడుతుంది.